ఏటీఎం పక్కన చిలగడదుంప పెడితే కవిత ఎందుకు కాలేదు?

రాత్రిపూట కవి:
బ్యాంకులో క్యాషియర్‌ని. పిల్లలు పడుకున్నాక కవితలు రాస్తుంటాను. మొన్నొక వర్క్‌షాప్‌లో, సంబంధం లేని రెండు వస్తువుల్ని పక్కపక్కన పెట్టి చూడండి, కొత్తదనం అక్కడే పుడుతుంది అన్నారు. పికాసో 1942లో సైకిల్ సీటూ హ్యాండిలూ కలిపి చేసిన ఎద్దు తల ఫొటో చూపించారు. సరే కదా అని నేనూ ‘ఏటీఎం నోట్లో చిలగడదుంప’ అని మొదలుపెట్టి పన్నెండు లైన్లు లాగాను. మా ఆవిడ చదివి, “మెషిన్ రిపేరు కంప్లైంటా ఇది?” అంది. ఆ సీటూ హ్యాండిలూ అంత చక్కగా ఎలా కలిశాయి, నావెందుకు కలవలేదు?

పృచ్ఛకుడి మనవడు:
మా తాతయ్య మా ఊరి అవధానాల్లో పృచ్ఛకుడిగా, అంటే అవధానిని ప్రశ్నలడిగే మనిషిగా కూర్చునేవారు. ఎక్కువగా దత్తపదే. నాలుగు మాటలిచ్చి, వాటితో ఏ పొంతనా లేని విషయం మీద పద్యం అడగాలి. పూరి, అట్టు, వడ, దోస ఇచ్చి కురుక్షేత్రం చెప్పమన్నారనుకోండి. అవధాని యుద్ధభూమిలో టిఫిన్లు వడ్డించడు. శంఖం పూరించాడంటాడు, పూరి వచ్చేసింది. అట్టుకి పాత తెలుగులో ‘అలా’ అనే అర్థం ఉండనే ఉంది. శత్రువులు వణికారనడానికి ‘వడకిరి’ అంటాడు. దోషాన్ని పాత తెలుగులో ‘దోసము’ అంటారు, దాంతో నాలుగోదీ అయిపోయింది. ఇదంతా ఛందస్సు తప్పకుండా. పైగా మధ్యమధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఆపకుండా కెలుకుతుంటాడు!

పద్యం ఇంకా పూర్తవకుండానే, పూరి చెవిన పడగానే సభ గొల్లుమంటుంది. టిఫినూ వినిపించాలి, శంఖమూ వినిపించాలి. ఏ ఒక్కటి మాయమైనా మజా లేదు. పికాసో ఎద్దూ అంతే, కొమ్ముల్లో హ్యాండిల్ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. అక్కడ ఆకారం కలిపింది, ఇక్కడ శబ్దం. మీ మెషిన్నీ దుంపనీ కలిపేది ఏది?

గొడుగు:
పై ఆయనతో పూర్తిగా ఒప్పుకోలేను. జపాన్ హైకూలో రెండు దృశ్యాల మధ్య ‘కిరేజి’ అనే మాట పెట్టి కావాలనే తెంపుతారు. అతుకు వేసుకోవడం చదివేవాడి పని. ప్రతిసారీ శ్లేష ఉండక్కర్లేదు. కాకపోతే ఆ రెండూ ఒకచోట ఉన్నాయని నమ్మకం కుదరాలి. కలల్లాంటి వింత కలయికలు ఇష్టపడే సర్రియలిస్టు కళాకారులు నెత్తిన పెట్టుకున్న ఫ్రెంచి కవి లోత్రెయమాన్, 1869లో కుట్టుమిషన్నీ గొడుగునీ కలిపినప్పుడు గాల్లో కలపలేదు, శవాలు కోసే బల్ల మీద కలిపాడు. అందరికీ గొడుగు గుర్తుంటుంది, బల్ల గుర్తుండదు. (నా పేరు చూసి నవ్వకండి.)

కవి గారూ, ఒక్కమాట. ఏటీఎం దగ్గర చిలగడదుంప నిజంగా చూశారా, ఊరికే అనుకున్నారా?

రాత్రిపూట కవి:
చూశానండీ. మా బ్రాంచి పక్క ఏటీఎం గది ముందు ఒక ముసలావిడ ఉడకబెట్టిన చిలగడదుంపలు అమ్ముతుంది. గదిలో లైటు రాత్రంతా వెలుగుతుంది కాబట్టి అక్కడే కూర్చుంటుంది, వేరే దీపం ఖర్చు ఉండదని. మెషిన్‌లో డబ్బు అయిపోయినా లైటు మాత్రం ఉంటుంది.

మొదటి డ్రాఫ్ట్‌లో ఆ లైటు ఉంది. మరీ మామూలుగా ఉందని నేనే కొట్టేశాను.