చదివావా, చదువుకున్నావా?

మా మామ్మ విశాఖ వన్‌టౌన్‌లో ఒక బడిలో టీచరు. రిటైరయ్యాక ఇక పుస్తకాలే లోకం. మహారాణిపేటలో ఇంట్లో బియ్యం డబ్బా మీద కూడా పుస్తకాలే ఉండేవి. పోయిన నెల వాటిని సర్దుతుంటే ఒక సంగతి బయటపడింది. ప్రతిదాని ఆఖరి పేజీలో పెన్సిలుతో తేదీ, దాని కింద ఒకే మాట. కొన్నిటి మీద "చదివాను", కొన్నిటి మీద "చదువుకున్నాను".

రెండో రకం చాలా తక్కువ. ఇంత లావు నవల "చదివాను"తో సరిపెట్టుకుంది. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, మధ్యలో బస్సు టికెట్లు పెట్టి ఉన్న ఎనిమిదో తరగతి సైన్సు వాచకం మీద మాత్రం "చదువుకున్నాను" అని ఉంది.

నాకు తోచింది చెప్తాను, సరిదిద్దండి. "కొను" చేరితే పని ఫలం చేసినవాడికే దక్కుతుంది: వండాడు, వండుకున్నాడు. అందుకే విద్య ఉన్నవాణ్ని "చదువుకున్నవాడు" అంటాం, "చదివినవాడు" అనం. "చదివినవాడు" అంటే ఏం చదివాడు అని వెంటనే ఎదురు ప్రశ్న వస్తుంది.

పోతన భాగవతం ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు తండ్రితో అంటాడు కదా:

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థముఖ్య శాస్త్రంబులు నే
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మమెల్ల జదివితి తండ్రీ!

నాలుగు పాదాల్లో ఐదు చదువులు! చిన్నప్పుడు ఇది అప్పజెప్తుంటే "జదివినవి" దగ్గర నా నాలుక తిరిగేది కాదు. ద్రుతం, అంటే మాట చివరి నకారం, మీద "చ" వస్తే "జ" అవుతుందని చెప్పి, మామ్మ ఇంకో మాట అంది: "చూశావా, ఎక్కడా చదువుకొంటినని అనలేదు. గురువులు చండామార్కుల దగ్గర చదివాడంతే. చదువుకున్నది తల్లి కడుపులో ఉండగా, నారదుడి దగ్గర."

పోతన ఇంత ఆలోచించే రాశాడంటారా?

*

జవాబు, గాజువాక నుంచి:
మామ్మగారికి దండం. కానీ మరీ అంత లాగకండి. అది కందపద్యం. కందానికి గణాలు కుదరాలి, రెండో అక్షరం ప్రాస నిలవాలి. అక్కడ "చదువుకొంటి" పట్టదు. ఆవిడ టీచరుగా చెప్పిన వ్యాఖ్యానం బాగుంది, కవి ఉద్దేశమని మాత్రం నేననను.

*

జవాబు, పెందుర్తి నుంచి:
"చదవేస్తే ఉన్న మతి పోయింది" అన్న సామెతను చాలామంది "చదివేస్తే" అని రాస్తున్నారు. తప్పండి. అది చదవ వేస్తే, బళ్లో వేయడంలాగ. పిల్లాడు పుస్తకం గబగబా చదివేసినందుకు మతి పోలేదు, చదువులో వేసినందుకు పోయింది! మా ఇంట్లో అయితే "సదవేత్తే" అనేవారు, గొడవే లేదు.

ఇంకోటి, "చదివించు" సంగతి వదిలేశారేం? కూలికి వెళ్లి కూతుర్ని "చదివించుకుంది" అంటాం. చదివింది కూతురే అయినా ఆ "కొను"లో తల్లి రెక్కల కష్టం ఉంది. పెళ్లిలో చదివింపులు మరో దారి. ఎవరెంత ఇచ్చారో పైకి చదివేవారు కాబట్టి ఆ పేరు.

*

గాజువాక వారూ, గణాల మాట ఒప్పుకుంటున్నాను. మామ్మ ఉంటే ఒప్పుకునేది కాదు.

చదివింపులంటే గుర్తొచ్చింది. అల్లిపురంలో ఆవిడ పాత శిష్యురాలి పెళ్లి. మైకులో "టీచరు గారు నూట పదహార్లు చదివించారు" అన్నారు. ఈవిడ కుర్చీలోంచే, "నూట పదహార్లు ఇవాళ! దాన్ని ఐదేళ్లు చదివించాను, అది ఎవరు రాసుకుంటారు?" అంది. పెళ్లికూతురు పీటల మీదే నవ్వేసింది.

ఇది రాస్తూ అనుమానమొచ్చి ఆ సైన్సు వాచకం మళ్లీ తీశాను. క్యాలెండరు అట్ట ఊడదీస్తే లోపలి వైపు, అదే పెన్సిలుతో "చదివించాను" అని ఉంది. దాని కింద నాలుగు నిలువు గీతలకు ఒక అడ్డగీత చొప్పున గుర్తులు. అరిగిపోయినవి పోను ముప్ఫైఏడు లెక్క తేలాయి.