కొలెస్ట్రాల్ మాత్రతో పాటు ఈ విటమిన్లు వేసుకోవచ్చా?

తెనాలి అమ్మాయి:
మా నాన్నకి 64 ఏళ్లు. రాత్రి కొలెస్ట్రాల్‌కి రోసువాస్టాటిన్ 10, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటారు. డాక్టర్ రాసిన బి-కాంప్లెక్స్, వారానికోసారి డి3 60,000 కూడా ఉన్నాయి. ఇప్పుడు అన్నయ్య అమెరికా నుంచి వస్తూ నియాసిన్ 500, రెడ్ ఈస్ట్ రైస్, చేప నూనె సీసాలు తెచ్చాడు. "విటమిన్లే కదా, ఏం చేస్తాయి" అని నాన్న అన్నీ మొదలుపెడతానంటున్నారు. ఈమధ్య పిక్కలు లాగుతున్నాయని కూడా అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.

ఫార్మసిస్ట్, హన్మకొండ:
అమ్మా, ముందు రెడ్ ఈస్ట్ రైస్ తీసి పక్కన పెట్టండి. అందులో ఉండే మోనకోలిన్ కె, లోవాస్టాటిన్ అనే మందూ ఒకటే. రోసువాస్టాటిన్ లాగే అదీ స్టాటిన్, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మందే. అది వేసుకుంటే రెండు స్టాటిన్లు వేసుకున్నట్టే.

నియాసిన్ అంటే బి3 విటమిన్. ఆ 500 మాత్ర కూడా సొంతంగా వద్దు. ఒకప్పుడు మంచి కొలెస్ట్రాల్ పెరగాలని డాక్టర్లే స్టాటిన్‌తో కలిపి ఇచ్చేవారు. 2014లో వచ్చిన హెచ్‌పీఎస్2-థ్రైవ్ అనే పెద్ద పరిశోధనలో, నియాసిన్ కలిసిన మాత్ర వాడినవాళ్లకి గుండెపోట్లు తగ్గలేదు సరికదా, కండరాల ఇబ్బందులు, షుగర్ సమస్యలు ఎక్కువయ్యాయి. మీ నాన్నగారికి షుగర్ ఉంది, గుర్తుపెట్టుకోండి. బి-కాంప్లెక్స్‌లో మామూలుగా ఉండేది నికోటినమైడ్ అనే ఇంకో రకం బి3, అదీ తక్కువ మోతాదులో. దాని గురించి భయం వద్దు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు కాబట్టి ఒకసారి అదీ చూపించుకోండి.

డి3 60,000 మాత్రం డాక్టర్ చెప్పినన్ని వారాలే. దాన్ని రోజూ వేసేసుకునేవాళ్లు మా కౌంటర్ దగ్గరికి వస్తుంటారు, చూస్తే భయమేస్తుంది. అలా వాడితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి.

పిక్కల నొప్పి సంగతి డాక్టర్‌కి ఈ వారమే చెప్పండి. సీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష), థైరాయిడ్ పరీక్షలు రాయమని అడగండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లకి స్టాటిన్‌తో కండరాల నొప్పులు త్వరగా వస్తాయి. నొప్పితో పాటు నీరసం, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇవేవీ లేకపోతే స్టాటిన్ మీరే ఆపేయకండి.

రాజమండ్రి వదిన:
గ్యాస్‌కి సిరప్ తాగుతారా మీ నాన్నగారు? మా వారు రోసువాస్టాటిన్ వేసుకున్న వెంటనే తాగేవారు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న సిరప్ కలిస్తే ఈ మాత్ర ఒంటికి పట్టేది సగానికి పడిపోతుందని డాక్టర్ చెప్పారు. మాత్ర వేసుకున్నాక రెండు గంటలు ఆగి తాగమన్నారు. విటమిన్ల గురించి అడుగుతాం కానీ ఇలాంటివి మందుల లెక్కలోనే రాయం.

తెనాలి అమ్మాయి:
తాగుతారండీ, అదీ భోజనం అవగానే! ఈ రోజు నుంచే మార్పిస్తాను. ఆ రెండు సీసాలు నా బీరువాలో పెట్టేశాను. అన్నయ్య కొంచెం నొచ్చుకున్నాడు గానీ షుగర్ మాట చెప్పగానే ఒప్పుకున్నాడు. చేప నూనె మాటేమిటి?

ఫార్మసిస్ట్, హన్మకొండ:
స్టాటిన్‌తో దానికి పేచీ లేదు. కానీ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టర్‌ని అడిగాకే. పెద్ద మోతాదులో అయితే కొందరికి గుండె లయ తప్పుతుంది. రేపు వెళ్లేటప్పుడు సిరప్‌తో సహా అన్ని సీసాలూ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ బల్ల మీద పెట్టండి.