మందులు ఉచితంగా ఇచ్చినా మధ్యలో మానేస్తున్నారు, ఎందుకు?

టీబీ రోగులకు మందులిచ్చే చోట నర్సుగా చేస్తున్నాను. ఆరు నెలల కోర్సు, పైసా ఖర్చు లేదు. అయినా దగ్గు తగ్గగానే కొందరు రావడం మానేస్తారు. ఇళ్లలో పనిచేసే ఒకావిడకి ఫోన్ చేస్తే, "నన్నిక్కడ ఎవరైనా చూస్తే పనిలోంచి తీసేస్తారమ్మా" అంది. ఆవిడ కేస్ షీట్‌లో మాత్రం ‘నిర్లక్ష్యం’ అని రాసి ఉంది. ఆ మాట నాకు మింగుడు పడటం లేదు. ఇది నిజంగా నిర్లక్ష్యమేనా?

జవాబు 1 (ప్రజారోగ్యం చదువుతున్నాను):
కాదండీ. జబ్బు వెనక మనిషి బతికే పరిస్థితులు కూడా ఉంటాయనడానికి రెండు ఉదాహరణలు చెప్తాను. 1848లో అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాలోని ఎగువ సైలీషియా ప్రాంతంలో టైఫస్ అనే, పేల వల్ల వ్యాపించే జ్వరం ప్రబలితే, ప్రష్యా ప్రభుత్వం రుడాల్ఫ్ విర్కో అనే డాక్టర్ని పంపింది. జనానికి చదువు, స్వపరిపాలన కావాలని, పన్నుల భారం తగ్గాలని ఆయన రాసిచ్చాడు. ఇంకొకటి, లండన్‌లో 1967లో ప్రభుత్వోద్యోగుల మీద మొదలైన వైట్‌హాల్ అధ్యయనం. వాళ్లందరికీ స్థిరమైన ఉద్యోగాలే. అయినా హోదా తగ్గేకొద్దీ గుండెజబ్బు మరణాలు పెరుగుతూ పోయాయి. సిగరెట్లు, బీపీ లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా పోలేదు.

జవాబు 2:
నాకు టీబీ వచ్చి తగ్గింది. మందుల కోసం వెళ్లిన రోజు సగం కూలి పోయేది, దానికి అలవాటు పడ్డాను. ఇంట్లో మాత్రం నా బిడ్డని నన్ను ఎత్తుకోనివ్వలేదు. మందులు వాడుతున్నానని తెలిస్తే జబ్బుందని తెలిసినట్టే కదా, అందుకే మానేద్దామనుకున్నాను. అప్పుడు మా నర్సుగారు అమ్మని పిలిపించి, సరైన మందులు పడితే సాధారణంగా కొన్ని వారాల్లోనే అంటుకునే ప్రమాదం బాగా తగ్గుతుందని కూర్చోబెట్టి చెప్పారు. నాకు కఫం పరీక్షలో ఏమొచ్చిందో కూడా చూపించారు. ఆ తర్వాత అమ్మే రోజూ మాత్ర గుర్తు చేసేది. నేనెన్నిసార్లు చెప్పినా నమ్మని మనిషి! మేడం, ఆవిడ ఇంట్లోవాళ్లతో మాట్లాడే వీలుంటే, ఆవిడ సరేనంటేనే మాట్లాడండి. చెప్పకుండా వెళ్తే ఉన్న పని కూడా పోవచ్చు.

ప్రశ్న అడిగినావిడ:
ఆవిడ ఒప్పుకోవాలన్న మాట చాలా ముఖ్యం, థాంక్సండీ. పనికి వెళ్లే ముందే, పొద్దున్నే వచ్చి మందులు తీసుకునేలా చూడమని డాక్టరుగారిని అడుగుతాను. ‘నిర్లక్ష్యం’ బదులు ‘పని పోతుందన్న భయం’ అని రాయమని కూడా. ఎవరి దగ్గరైనా సాయంత్రం వేళల్లో ఇస్తున్నారా? ఎలా కుదిరిందో చెప్పండి.