ఉద్యోగం మానేసి గ్రూప్స్‌కి కూర్చోవాలా, చేస్తూనే చదవాలా?

ఉప్పల్_లాస్ట్_మెట్రో:
నాకు 29. ఒక సర్వీసెస్ కంపెనీలో సపోర్ట్ ఉద్యోగం, చేతికి 48 వేలు వస్తుంది. ఉప్పల్ నుంచి రాయదుర్గం మెట్రోలో పోను గంట, రాను గంట. ఆఫీసులో తొమ్మిదిన్నర గంటలు. ఇంటికొచ్చి స్నానం చేసి తినేసరికి రాత్రి తొమ్మిదిన్నర. పుస్తకం తీస్తే రెండు పేజీలకే తల వాలిపోతుంది. ఈ ఏడాదిన్నరలో పాలిటీ నాలుగుసార్లు మొదలుపెట్టాను. ప్రాథమిక హక్కులు అయిపోయి ఆదేశిక సూత్రాలు, అంటే ఆర్టికల్ 36 దగ్గరికి రాగానే ఏదో ఒక సాఫ్ట్‌వేర్ రిలీజో, నైట్ షిఫ్టో, పెళ్లో వస్తుంది. వారం గ్యాప్. మళ్లీ పీఠిక నుంచి మొదలు.

లక్ష్యం తెలంగాణ గ్రూప్-1, అంటే డిప్యూటీ కలెక్టర్, డీఎస్పీ లాంటి పోస్టుల పరీక్ష. బ్యాంకులో 3 లక్షల 60 వేలు ఉన్నాయి. కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో హాస్టల్, తిండి, టెస్ట్ సిరీస్ అన్నీ కలిపి నెలకి 15 వేలు వేసుకుంటే సరిగ్గా రెండేళ్లు. రాజీనామా మెయిల్ డ్రాఫ్ట్‌లో ఉంది. నాన్నకి ఇంకా చెప్పలేదు.

మానేసి కొట్టినవాళ్లు, మానకుండా కొట్టినవాళ్లు, మానేసి మునిగినవాళ్లు, ముగ్గురూ చెప్పండి. "నీ మనసుకి నచ్చింది చెయ్యి" అనేవాళ్లు మాత్రం వద్దు, ప్లీజ్. నా మనసుకి రోజుకోటి నచ్చుతుంది.

బెజవాడ_బ్యాక్‌బెంచ్:
మానెయ్యి బ్రదర్. నేను మానేసే చదివాను, రెండో ప్రయత్నంలో ఏపీ గ్రూప్-2 వచ్చింది. రెండు పడవల మీద కాళ్లు పెడితే ఏమవుతుందో కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రిలిమ్స్, అంటే మొదటి వడపోత పరీక్ష వరకు మెట్రోలో నిలబడి ఎంసీక్యూలు (ఆప్షన్ల ప్రశ్నలు) చేసుకుంటూ నెట్టుకురావచ్చు. మెయిన్స్ అలా కాదు, జవాబులు చేత్తో రాయాలి. తెలంగాణ గ్రూప్-1లో ఒక్కో పేపరు 150 మార్కులు, మూడు గంటలు. వ్యాసాల పేపర్లో ఆ మూడు గంటల్లోనే మూడు వ్యాసాలు రాయాలి. చెయ్యి ఆగకుండా మూడు గంటలు రాయడమనేది ఒక ఒంటి పని, రన్నింగ్ లాంటిది. రాత్రి పదింటికి, తొమ్మిదిన్నర గంటలు ఆఫీసులో ఫిర్యాదుల టికెట్లు క్లోజ్ చేసిన చేత్తో అది అలవాటు కాదు. నువ్వు నాలుగుసార్లు ఆర్టికల్ 36 దగ్గర ఆగిపోయావంటే అది నీ బద్ధకం కాదు. ముక్కలు ముక్కలుగా దొరికే టైమ్‌లో చదివింది అతుక్కోదు, అంతే.

మానేరు72:
మునిగినవాళ్ల కోటాలో నేనున్నాను కాబట్టి రాస్తున్నా.

2019లో మానేసినప్పుడు నాకు 27. అదే లెక్క, రెండేళ్ల డబ్బులు, రెండేళ్ల గడువు. రెండేళ్లూ అయిపోయాయి, నోటిఫికేషనే రాలేదు! 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశాం. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దు. జూన్ 11న మళ్లీ రాశాం. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్ తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. ఒకే పరీక్షకి మూడుసార్లు ప్రిపేర్ అయ్యానన్నమాట. మూడోసారికి నా బుర్రలో కరెంట్ అఫైర్స్ అన్నీ పాత అఫైర్సే. మెయిన్స్‌కి క్వాలిఫై కాలేదు.

నువ్వు రెండేళ్లు అంటున్నావు. ఆ రెండేళ్లు ఎవరి క్యాలెండర్ ప్రకారం? డబ్బు నీది, వయసు నీది, తేదీ మాత్రం నీ చేతిలో లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాని నోటిఫికేషన్‌కి రాజీనామా ఇవ్వకు.

ఇంకో సంగతి. మానేస్తే రోజుకి పన్నెండు గంటలు చదువుతావని అనుకుంటున్నావు కదా. నేనూ అదే అనుకున్నా. చిక్కడపల్లి లైబ్రరీకి తెల్లారకముందే పోయి బ్యాగు పెట్టి సీటు ఆపుకునేవాణ్ణి, రాత్రి తొమ్మిదికి లేచేవాణ్ణి. ఇంట్లో ఫోన్ చేస్తే "పొద్దున్నుంచీ లైబ్రరీలోనే ఉన్నా" అని నిజమే చెప్పేవాణ్ణి. ఒకరోజు పక్క సీటు కుర్రాడు చేతి గడియారంలో స్టాప్‌వాచ్ పెట్టుకుని చదువుతుంటే చూసి నేనూ పెట్టా. పేజీ మీంచి కళ్లు తీసిన ప్రతిసారీ ఆపాలి, అదీ రూలు. చాయ్‌కి బయటికి పోతే ఆపాలి. చాయ్ దగ్గర "నోటిఫికేషన్ ఎప్పుడంట" అనే చర్చ నలభై నిమిషాలు, రోజుకి మూడు చాయ్‌లు. రాత్రి చూస్తే 5 గంటల 10 నిమిషాలు. లైబ్రరీలో ఉన్నది పద్నాలుగు గంటలు. మర్నాడు కసిగా కూర్చుంటే ఆరు దాటింది. ఏడు ఎప్పుడూ దాటలేదు.

బెజవాడ_బ్యాక్‌బెంచ్:
అన్నా, మీకు జరిగినదానికి నిజంగా బాధగా ఉంది. కానీ ఆ రద్దులు ఉద్యోగం చేస్తూ రాసినవాళ్లకీ జరిగాయి కదా. పైగా మీ లెక్కే తీసుకుందాం. మీకు రోజుకి 5 గంటలు, ఇతనికి ఒక గంట. ఐదు రెట్లు ఎక్కువే కదా?

మానేరు72:
జరిగాయి. వాళ్లకి పోయినవి ఆదివారాలు. నాకు పోయింది పీఎఫ్, పెళ్లి సంబంధం, మా అమ్మ గాజులు రెండు. ఐదు రెట్లు నిజమే, కాదనను. కానీ ఆ ఐదు గంటల్లో మొదటి రెండే బాగా పనికొచ్చాయని ఇప్పుడు అనిపిస్తుంది. మిగతా మూడూ చదివినదాన్నే మళ్లీ చదవడం. నోటిఫికేషన్ లేనప్పుడు చదువు సాగదు, నానుతుంది.

పలాస_జీడిమామిడి:
ఉద్యోగం చేస్తూ రాదనేవాళ్లకి రెండు పేర్లు. రోణంకి గోపాలకృష్ణ గారు మా శ్రీకాకుళం జిల్లా, ప్రభుత్వ బడిలో టీచరు. 2016 సివిల్స్‌లో ఆలిండియా మూడో ర్యాంకు, అదీ తెలుగులో రాసి. మర్నాటి ఏడాది 2017 సివిల్స్‌లో మెట్‌పల్లి అనుదీప్ దురిశెట్టి గారు ఫస్ట్ ర్యాంకు. అప్పటికే ఐఆర్ఎస్‌లో (కేంద్ర పన్నుల శాఖ సర్వీసు) డ్యూటీ చేస్తున్నారు, ఎక్కువగా సెలవు రోజుల్లో చదివారు, ఐదో ప్రయత్నం. ఉద్యోగం అడ్డం కాదు. అదే వెన్ను.

ఇన్విజిలేటర్_మాస్టారు:
పలాస బాబూ, ఆ ఇద్దరి మీదా నాకూ గౌరవమే. కానీ ఉదాహరణలు ఇచ్చేటప్పుడు ఉద్యోగం కూడా చూడాలి. నేనూ టీచర్నే. సాయంత్రం బడి వదిలాక టైమ్ నాది, వేసవి సెలవులు నావి, రోజంతా నోట్లో ఆడేది పాఠమే. ఐఆర్ఎస్ ఆఫీసరు అయినాయన అప్పటికే ఒకసారి సివిల్స్ గెలిచినాయన. ఈ ఉప్పల్ అబ్బాయి సున్నా నుంచి మొదలుపెడుతున్నాడు, అదీ నైట్ షిఫ్టులతో. మూడూ ఒకటి కాదు.

పైగా సివిల్స్ పెట్టే యూపీఎస్సీకి ముందు ఏడాదే క్యాలెండర్ వస్తుంది, ఆ తేదీకి దాదాపుగా పరీక్ష జరుగుతుంది. తేదీ తెలిసినప్పుడు ఎన్నాళ్లు సెలవు పెట్టాలో లెక్క వేసుకోవచ్చు. మన గ్రూప్-2 సంగతి చూడండి. 2022 డిసెంబర్‌లో 783 పోస్టులకి నోటిఫికేషన్. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు, నవంబర్ అన్నారు, 2024 జనవరి అన్నారు, ఆగస్టు అన్నారు. చివరికి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. నేను ఆ పరీక్షకి ఇన్విజిలేషన్ చేశాను. నా గదిలో ఒకాయన హాల్ టికెట్ ఫొటోలో గడ్డం నలుపు, ఎదురుగా కూర్చున్న మనిషికి సగం తెలుపు. సంతకం సరిచూడ్డానికి దగ్గరికి వెళ్తే "నేనే సార్" అని నవ్వాడు.

నాలుగున్నర_అలారం:
మీరంతా మానాలా వద్దా అని మాట్లాడుకుంటున్నారు. నాకు ఆ ప్రశ్నే లేదు. నాకు ఐదేళ్ల పాప ఉంది, ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం, ఇంట్లో అత్తయ్యకి షుగర్. ఉద్యోగం మానేస్తే ఇంట్లో "ఎలాగూ ఖాళీగానే ఉన్నావు కదా" అంటారు. అప్పుడు నేను పొద్దున చదువుకునే రెండు గంటలు కూడా పోతాయి. ఉద్యోగం ఉంది కాబట్టే నాలుగున్నరకి లేచి చదివితే ఎవరూ ఏమనరు.

నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా నాది. తర్వాత కుక్కర్ పెట్టి ప్లాట్‌ఫామ్ మీదే పాప పాత నోటుబుక్కుల వెనక పేజీల్లో జవాబులు రాస్తాను. మూడు విజిల్స్‌కి ఒక జవాబు. మొదట్లో విజిల్ వచ్చేసరికి ఉపోద్ఘాతమే అయ్యేది. ఇప్పుడు మూడో విజిల్‌కి ముగింపు రాసి స్టవ్ కట్టేస్తున్నా. బెజవాడ గారూ, మెయిన్స్‌కి చెయ్యి అలవాటు కావాలంటే మూడు గంటలు దొరకాలన్నారు. దొరకవండీ. ఆదివారం ఒక్కరోజు పాపని మా ఆయనకి అప్పజెప్పి, గడియపెట్టి ఒక పూర్తి పేపరు రాస్తా. మిగతా ఆరు రోజులూ విజిల్సే. 2024 జూన్ ప్రిలిమ్స్‌లో నేను క్వాలిఫై అయ్యాను. మెయిన్స్‌లో రాలేదు, అది కూడా చెప్పాలి కదా. ఇల్లు అలకగానే పండగ కాదని అప్పుడే తెలిసింది.

ఉప్పల్ తమ్ముడూ, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత చదవకు. అది చదువు కాదు, నిద్రతో గొడవ. పడుకుని పొద్దున లే.

బెజవాడ_బ్యాక్‌బెంచ్:
అక్కా, దండం. మీ కేసులో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ మెయిన్స్‌లో రాలేదన్నారు చూడండి, నేను చెప్పేది అక్కడే. ప్రిలిమ్స్ రిజల్ట్ వచ్చాక మూడు నెలలు మీకు పూర్తిగా దొరికి ఉంటే?

నాలుగున్నర_అలారం:
దొరికి ఉంటే వచ్చేదేమో. అది నిజం. ఆ మూడు నెలలకి జీతం లేని సెలవు అడిగాను, స్కూలు వాళ్లు ఇవ్వలేదు.

టెస్టింగ్_టీమ్:
సరే, అందరూ దాదాపు ఒప్పుకుంటున్నది ఇదే కదా, ప్రిలిమ్స్ దాకా ఉద్యోగం, మెయిన్స్‌కి ఫుల్ టైమ్. వినడానికి బాగుంది. మన ఐటీలో ఇది ఎలా తన్నేస్తుందో చెప్తా. 2024లో ప్రిలిమ్స్ రిజల్ట్ జులై 7న. మెయిన్స్ అక్టోబర్ 21న మొదలు. మధ్యలో 106 రోజులు. నోటీస్ పీరియడ్ 90 రోజులు. రిజల్ట్ చూసి ఆ రోజే రాజీనామా కొడితే నీకు మిగిలేది 16 రోజులు. నేను అలాగే ఇరుక్కున్నా. నా పని ఇంకొకరికి అప్పగించే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ కాల్‌లో కూర్చుని పక్కన తెలంగాణ ఉద్యమ చరిత్ర తెరుచుకుని చదివా. ప్రిలిమ్స్ రాసిన సాయంత్రమే జవాబుల కీ చూసుకుని రాజీనామా ఇచ్చినా 134 రోజుల్లో 90 పోను 44.

కాబట్టి ఇప్పుడే కనుక్కో: మీ దగ్గర జీతం లేని సెలవు ఇస్తారా, ఎన్నాళ్లు, ఎవరు ఒప్పుకోవాలి, నోటీస్ బయౌట్ (డబ్బు కట్టి ముందే బయటపడటం) ఉందా, ఉంటే ఎంత. నీ 3 లక్షల 60 వేలు అశోక్‌నగర్‌కి కాదు, ఈ బయౌట్‌కీ ఆ నాలుగు నెలల ఖర్చుకీ దాచుకో.

మానేరు72:
ఈ మాట 2019లో నాకెవరూ చెప్పలేదు.

పలాస_జీడిమామిడి:
ఒక పక్క మాట. తెలంగాణలో 2024లో వయోపరిమితి 44 నుంచి 46కి పెంచారు కదా, అది మంచిదా చెడ్డదా? నాకైతే మంచిదే అనిపిస్తుంది. నోటిఫికేషన్లు లేని ఏళ్లకి అభ్యర్థిని శిక్షించకూడదు.

ఇన్విజిలేటర్_మాస్టారు:
న్యాయంగా చూస్తే మంచిదే. మనిషిగా చూస్తే నాకు భయం. యూపీఎస్సీలో జనరల్ వాళ్లకి 32 ఏళ్లు, ఆరు ప్రయత్నాలు. అయిపోతే అయిపోయినట్టే, ఏడ్చి ఇంటికొస్తాడు. ఇక్కడ 46 దాకా తలుపు తెరిచి పెట్టారు. తలుపు తెరిచి ఉంటే లేచి వెళ్లిపోవడం ఎంత కష్టమో నా గదిలో కూర్చున్నాయన్ని అడగాలి. ప్రభుత్వం పెట్టకపోతే ఆ గీత ఎవరికి వారే గీసుకోవాలి. గీసుకున్నాక ఇంట్లో ఒకరికి చెప్పాలి. మనసులో గీసుకున్నది చెరిపేయడానికి ఒక్క నోటిఫికేషన్ చాలు.

బెజవాడ_బ్యాక్‌బెంచ్:
మాస్టారూ, ఏపీలోనూ తక్కువేం కాదు. మా గ్రూప్-2 ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న. మధ్యలో ఏడాది! ఆ ఏడాదంతా మానేసి కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. అయినా నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. కొంతమందికి వెనక్కి దారి ఉంటే ముందుకి అడుగు పడదు. నేను అలాంటివాణ్ణి. ఉద్యోగం ఉండి ఉంటే నేను చదివేవాణ్ణి కాదు, ఖాయంగా. ఉప్పల్ బ్రదర్ తాను ఏ రకమో తానే చూసుకోవాలి.

ఉప్పల్_లాస్ట్_మెట్రో:
పదిహేను రోజుల తర్వాత వచ్చాను, అందరికీ థాంక్స్. అన్నీ రెండుసార్లు చదివాను.

మానేరు అన్న చెప్పిన స్టాప్‌వాచ్ పెట్టాను. మొదటి వారం మొత్తం చదివింది 4 గంటల 20 నిమిషాలు. ఫోన్‌లో స్క్రీన్ టైమ్ చూస్తే అదే వారం 23 గంటలు. దాదాపు సగం మెట్రోలోనే. ఈ లెక్క చూశాక "టైమ్ లేదు" అని నాన్నకి చెప్పి రాజీనామా ఇవ్వడానికి మొహం చెల్లలేదు. రెండో వారం రాత్రి పది గంటలకి పడుకుని అయిదింటికి లేచాను. 10 గంటల 50 నిమిషాలు. అక్క చెప్పింది నిజం, పొద్దున చదివిన పేజీ సాయంత్రానికీ గుర్తుంటోంది.

హెచ్‌ఆర్‌ని అడిగాను. జీతం లేని సెలవు గరిష్ఠంగా మూడు నెలలు ఇస్తారట, కాకపోతే మేనేజర్ ఒప్పుకోవాలి. నైట్ షిఫ్ట్ లేని ప్రాజెక్టుకి మార్చమని మెయిల్ పెట్టాను. రాజీనామా డ్రాఫ్ట్ డిలీట్ చేయలేదు, అక్కడే ఉంది. నాన్నతో మాట్లాడాను. మాస్టారు చెప్పినట్టు గీత గీసి, 33 దాటాక ఒక్క ఫారం కూడా నింపనని ఆయనకి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని "కాగితం మీద రాసియ్యి" అన్నాడు. రాసిచ్చాను. బీరువాలో పాస్‌బుక్కుల మధ్య పెట్టుకున్నాడు.

బెజవాడ_బ్యాక్‌బెంచ్:
అదంతా సరే బ్రదర్. ఆర్టికల్ 36 దాటావా లేదా?

ఉప్పల్_లాస్ట్_మెట్రో:
44 దగ్గరున్నా.