సమస్య: ఒక్క యొరను గత్తు లొదిగె రెండు

నిర్వాహకుడు: ఈ వారం సమస్య పైన ఉన్నదే, అది ఆటవెలది చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు కట్టాలి. మొన్న గుణుపురం కుర్రాడు ఒక ఫొటో పంపాడు. మూత తీసిన కంప్యూటర్ క్యాబినెట్, పక్కన తెర మీద ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి పోవాలో అడిగే నల్లటి పేజీలో (దాన్నే గ్రబ్ మెనూ అంటారు) రెండు పేర్లు, ఉబుంటు అనే లినక్స్, దాని కింద విండోస్. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత గుర్తొచ్చి నవ్వొచ్చింది. సరళాదేశం ("కత్తులు"ని "గత్తులు" చేయడం) నేనే చేసి పెట్టాను, కాబట్టి మాస్టారికి మొదటి వ్యాఖ్య దొరకదు.

రాయగడ మాస్టారు: దొరక్కేం. "ఒదిగె" కంటే "అమరె" అర్థానికి నప్పేది, కానీ పాదంలో అక్షరాల పొత్తు, అదే యతి, చచ్చేది. బతికిపోయారు.

గుణుపురం కుర్రాడు: ఫొటో నాదే కాబట్టి బోణీ నాది.

డిస్కు రెండు చేసి టెక్కుతో విండోసు
ముందు దిగగ, వెనుక మొగి లినక్సు,
గ్రబ్బు గుమ్మమందు గాపున్న కతమున
ఒక్క యొరను గత్తు లొదిగె రెండు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కదా, పాత డబ్బా మూలన పడేసి విడి భాగాలు తెప్పించి నేనే బిగించాను. అన్నిటికంటే ఏడిపించింది పవర్ స్విచ్ వైర్లు. బోర్డు అంచున చీమ తలకాయంత పిన్నులు, పక్కన కనీకనబడని అక్షరాలు, చివరికి మా నానమ్మ పంచాంగం చూసుకునే భూతద్దం తెచ్చి గుచ్చాను.

బరంపురం అత్తయ్య: "టెక్కుతో విండోసు" బాగుంది బాబూ. ముందు దిగినవాడికి ఆ మాత్రం టెక్కు ఉంటుంది.

రాయగడ మాస్టారు: ముందుగా మెచ్చుకోలు. లినక్సు జగణం (లఘువు, గురువు, లఘువు), ఈ పాదానికి కావాల్సిన సూర్యగణంలో (గురువూ లఘువూ, లేదా మూడు లఘువులు) పట్టదు, దాన్ని "మొగిలి, నక్సు" అని విరిచి రెండు గణాల మీదికి ఎక్కించడం చక్కటి పని. ఈ కుర్రాడే పోయిన దసరా సమస్యలో "కరెంటు" అన్న మాటని నిలువునా ఒక సూర్యగణంలో కుక్కి, అది తప్పంటే వారం రోజులు నాతో మాట్లాడలేదు, ఆ పాఠం ఇప్పుడు పనికొచ్చిందన్నమాట. ఇక అసలు సంగతి. "మొగి" అక్కడ ఏం చేస్తోంది? యతికి కాపలా తప్ప వేరే ఉద్యోగం కనబడదు. "కతమున" ద్రుతాంతం (చివర నకారం ఉండేది), దాని తర్వాత "ఒక్క" అని బోసి అచ్చు పెడితే ఎలా? ఇవి చిన్నవి. పెద్దది ఏమిటంటే నాయనా, డిస్కుని రెండు చేశానని నువ్వే చెప్పాక ఇక ఒర ఒక్కటెక్కడిది? రెండు ఒరలు, రెండు కత్తులు. సమస్య అలాగే మిగిలింది.

గుణుపురం కుర్రాడు: కరెంటు గొడవ మళ్లీనా! దసరా అయిపోయి ఎన్నాళ్లయింది మాస్టారూ. ఒర సంగతి మాత్రం మీరన్నది నిజం. అసలు ఒర ఈఎఫ్ఐ పార్టిషన్, అంటే కంప్యూటర్ తెరుచుకోవడానికి కావాల్సిన బూట్ ఫైళ్లు ఉండే డిస్కు ముక్క. విండోస్ వేసేటప్పుడు ఓ 100 ఎంబీతో అదే చేసుకుంటుంది, లినక్స్ వచ్చాక తన బూట్ ఫైళ్లు కూడా అందులోనే వేరే ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది, ఒకరి జోలికి ఒకరు పోరు. పాత ఎంబీఆర్ పద్ధతిలో అయితే బూట్‌కి డిస్కు మొదటి సెక్టార్ ఒక్కటే, వెనకొచ్చినవాడు ముందువాడిని తుడిచేసేవాడు, విండోస్ ముందు వేయాలన్న మాట అక్కడిదే. అది పద్యంలో పట్టలేదు. ఇలా మార్చాను:

డిస్కునందె గదుల టెక్కుతో విండోసు
ముందు దిగగ, వెనుక మొగి లినక్సు,
గ్రబ్బు గుమ్మమందు గాపాయె కాబట్టి
ఒక్క యొరను గత్తు లొదిగె రెండు

"కాబట్టి" వాడుక మాట అనకండి, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పిన పర్లాకిమిడి మాకు దూరమేం కాదు. మొగిని మాత్రం వదల్లేను.

రాయగడ మాస్టారు: గిడుగు వారు యతిభంగం చేయమనలేదు, అది నువ్వు చేయలేదు కాబట్టి ఊరుకుంటున్నాను. మా మనవడి మిషన్‌లోనూ ఈ రెండే. లినక్స్ నుంచి విండోస్‌కి వెళ్లినప్పుడల్లా గడియారం వెనక్కి పోతుంది. బోర్డు మీది గడియారాన్ని విండోస్‌వాడు మన టైము అనుకుంటాడు, లినక్స్‌వాడు గ్రీనిచ్ టైము అనుకుంటాడు. మన టైముకు ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కొరాపుట్ జిల్లా మీదుగా, జయపురానికి దగ్గర్లోనే పోతుంది, ఇంత దగ్గరున్న మనకి టైము తప్పడం ఏం అప్రతిష్ఠ! పూరణ:

ఒకటి యూరి వేళ, యొకటి గ్రీనిచ్చిది,
గంట లైదు మీద గడియ తేడ;
ఆజ్ఞ యొకటి కొట్ట నైక్యమయ్యెను వేళ;
ఒక్క యొరను గత్తు లొదిగె రెండు

నిర్వాహకుడు: ఇదీ విరుపంటే! ఆజ్ఞకీ ఐక్యానికీ యతి కుదిరిన తీరు చూడండి.

గుణుపురం కుర్రాడు: యతి కుదిరింది, లెక్క కుదర్లేదు. గడియ అంటే 24 నిమిషాలు కదా మాస్టారూ? తేడా అయిదున్నర గంటలు. ఆరు నిమిషాలు ఎవరు మింగారు? నానమ్మనడిగితే పంచాంగం లెక్కలో 13 గడియల 45 విఘడియలంది. ఆ ఆజ్ఞ లినక్స్‌ని కూడా మన టైమే అనుకోమనే "టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1" అయితే అది కొట్టాక టైము స్థితి చూస్తే లినక్సే హెచ్చరిస్తుంది. విండోస్ రిజిస్ట్రీలో (లోపలి సెట్టింగుల్లో) బోర్డు గడియారాన్ని యూటీసీగా, అంటే గ్రీనిచ్ టైముగా చదవమని మార్చుకోవడం మేలు.

బరంపురం అత్తయ్య: అయ్యో మాస్టారూ, మీ ఇంట్లో ఉగాది పంచాంగం చదివేది మీరే కదూ.

రాయగడ మాస్టారు: "గంట లైదు మీద కలిసె నరయు" అని దిద్దుకుంటున్నాను. గుంటడు పెరిగాడు.

మహేంద్రతనయ: కంప్యూటర్ల గొడవ నాకెందుకు, మా ఇంట్లో ఇంకో రకం ఒర ఉంది.

బడిని నొడియ పలుకు, బామ్మతో తెలుగాయె,
పర్లకిమిడి పిల్ల పదును చూడు!
మీట నొక్కినట్లు మెలిదిప్పు నాలుక;
ఒక్క యొరను గత్తు లొదిగె రెండు

నిర్వాహకుడు: "పదును" అన్న ఒక్క మాటతో కత్తి తెచ్చేశారు. ఈ వారం నా ఓటు దీనికే.

రాయగడ మాస్టారు: ఓటు సరే, పర్లాకిమిడి దీర్ఘం ఏమైంది? ఊరి పేరుకే కోతా?

మహేంద్రతనయ: మీ "తేడా" దీర్ఘం పోయిన చోటికే పోయింది మాస్టారూ. మీరు దిద్దుకుంటూ ఆ మాటే ఎగరగొట్టారు, నేను చూడలేదనుకున్నారా.

బరంపురం అత్తయ్య: మెలిదిప్పు నాలుక అన్నది మా మనవరాలి గురించే. ఒడియాలో తిట్టి తెలుగులో సారీ చెబుతుంది.

గుణుపురం కుర్రాడు: ఓటింగ్ కాస్త ఆపండి. పిన్నులు మళ్లీ సర్దుతూ బోర్డు మీది బిళ్ల బ్యాటరీ ఊడదీశాను, తెలివితక్కువ పని నాదే. బూట్ వరుస తారుమారైంది, గ్రబ్ మెనూ రాకుండా నేరుగా విండోస్‌లోకి పోతోంది, టైము కూడా ఎక్కడికో పోయింది. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల్లో) ఉబుంటుని మళ్లీ పైకి జరిపితే చాలా, ఇంకేమైనా చేయాలా?

రాయగడ మాస్టారు: జరిపి చూడు. పైన నీ గుమ్మంలో కాపున్నవాడు మొగి ఎటో వెళ్లినట్టున్నాడు.