శరదృతువులో బోస్టన్ నుంచి క్యుబెక్ వరకు ఓడ ప్రయాణం

ప్రశ్న:
అక్టోబరు మొదట్లో బోస్టన్‌లో ఓడ ఎక్కి, కెనడాలోని సెయింట్ జాన్, హాలిఫాక్స్‌ల మీదుగా క్యుబెక్ నగరం చేరే యాత్రకు మేమిద్దరం సిద్ధమవుతున్నాం. రంగు మారే ఆకులతో పాటు పాత రేవు పట్టణాల చరిత్రనూ తీరిగ్గా చూడాలని ఉంది. ఏ రేవుకు ఎక్కువ సమయం కేటాయించాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరా?

జవాబు 1:
నా ఓటు క్యుబెక్‌కే. 1608లో ఫ్రెంచి అన్వేషకుడు షాంప్లేన్ నెలకొల్పిన ఈ నగరపు కోటగోడలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. పాత నగరాన్ని యునెస్కో 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఓడ దిగువ పట్టణానికి దగ్గరలోనే ఆగుతుంది కనుక నడిచి తిరగవచ్చు.

జవాబు 2:
హాలిఫాక్స్‌ను చిన్నచూపు చూడవద్దండీ. 1912లో మునిగిన టైటానిక్ మృతులలో 121 మంది సమాధులు అక్కడి ఫెయిర్‌వ్యూ లాన్ శ్మశానవాటికలో ఉన్నాయి. 1917 డిసెంబరులో మందుగుండు నింపుకున్న ఓడ ఒకటి మరో ఓడతో ఢీకొని పేలిపోవడంతో నగరంలో చాలా భాగం ఎలా నేలమట్టమైందో రేవు ఒడ్డునే ఉన్న అట్లాంటిక్ సముద్ర మ్యూజియంలో వివరంగా చూపిస్తారు. నాకైతే కోటగోడలకన్నా అదే ఎక్కువగా మనసుకు పట్టింది.

జవాబు 3:
సెయింట్ జాన్‌లో ఫండీ అఖాతపు పోటు సమయాలను ముందే చూసుకోండి. పోటెక్కినప్పుడు అక్కడ నది వెనక్కి ప్రవహిస్తుంది. అట్లాంటిక్ తుపానుల కాలం నవంబరు 30 వరకు ఉంటుంది కనుక, ఓడ ఏదైనా రేవును వదిలివేయవలసి వచ్చే అవకాశాన్నీ దృష్టిలో ఉంచుకోండి.