విశాఖలో మెట్రో పనులు మొదలైతే మన సరిహద్దు ఊళ్ల అంబులెన్సులు ఏ దారిన వెళ్లాలి?

పర్లాకిమిడి వాసి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న గజపతి జిల్లా పర్లాకిమిడి. మా నాన్నగారికి డెబ్బై మూడేళ్లు, గుండె జబ్బు ఉంది. రెండు నెలలకొకసారి పరీక్షలకు విశాఖపట్నం తీసుకువెళ్తుంటాం. ఈ ఏడాదిలో రెండుసార్లు అర్ధరాత్రి వేళ అంబులెన్సులోనే బయలుదేరవలసి వచ్చింది. మా ప్రాంతంవారికి పెద్ద వైద్యం అంటే బరంపురంలోని ఎం.కె.సి.జి. ఆస్పత్రి, లేకపోతే విశాఖ. పాతపట్నం దాటితే శ్రీకాకుళం దారి అందుతుంది కాబట్టి మాలో చాలామంది విశాఖకే మొగ్గు చూపుతారు.

విశాఖ మెట్రో ప్రణాళికలో మొదటి మార్గం కొమ్మాది నుంచి స్టీల్ ప్లాంట్ వరకు సుమారు 34 కిలోమీటర్ల పొడవున, ఎక్కువ భాగం 16వ జాతీయ రహదారి వెంబడే సాగుతుందని చదివాను. మేము ఆనందపురం దాటి నగరంలోకి ప్రవేశించేది సరిగ్గా ఆ రోడ్డు మీదనే. పనుల కాలంలో ఆ రోడ్డు ఎంత ఇరుకవుతుందో, అప్పుడు అంబులెన్సుకూ ఫైరింజనుకూ దారి చూపవలసింది ఎవరో, పనులు పూర్తయ్యాక ఇబ్బంది తీరుతుందో లేదో తెలిసినవారు చెప్పగలరా? కొన్నేళ్ల క్రితం లైట్ మెట్రో, ట్రామ్ అనే మాటలు కూడా వినిపించాయి. రోడ్డు మీదనే పట్టాలు వేసే పద్ధతికీ, స్తంభాల మీద కట్టే పద్ధతికీ ఈ విషయంలో తేడా ఏమైనా ఉందా?

బల్లార్షా సభ్యుడు:

అయ్యా, మీరు రాబోయే రోజుల గురించి అడుగుతున్నారు, మేము ఆ రోజులు చూసి వచ్చినవాళ్లం. మహారాష్ట్రలోని మా చంద్రపూర్, బల్లార్షాలలో పెద్ద దెబ్బ తగిలితే నాగ్‌పూర్ తీసుకువెళ్లడమే మాకున్న దారి. సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణించి, బుటిబోరి మీదుగా వర్ధా రోడ్డున నగరంలోకి వెళ్తాం. నాగ్‌పూర్ మెట్రోకు, దాని కిందనే ఫ్లైఓవర్‌కు కలిపి రెండంతస్తుల వంతెన కట్టింది ఆ వర్ధా రోడ్డు మీదనే. దాని పొడవు 3.14 కిలోమీటర్లు.

పనులు ముమ్మరంగా జరుగుతున్న రోజుల్లో మా బావగారికి బొగ్గు గనిలో కాలు నలిగింది. వరోరా, జామ్ మీదుగా బుటిబోరి వరకు రెండున్నర గంటల్లో చేరాం. నగరంలోకి వచ్చాక చివరి ఆరు కిలోమీటర్లకు నలభై నిమిషాలు పట్టింది. రోడ్డు మధ్యలో రేకుల కంచె, మిగిలిన సందులో లారీలూ బస్సులూ. సైరన్ విని ఒక్కరు కూడా మొండికేయలేదు, తప్పుకోవడానికే చోటు లేదు. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే పదివేల రూపాయల జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టంలో 194-ఇ సెక్షన్ చేర్చారు. మంచిదే, కానీ పక్కకు జరగడానికి జాగా ఉన్న రోడ్డు మీదనే అది పనిచేస్తుంది.

ఆ రాత్రి నాకు అర్థమైన సంగతి మరొకటి ఉంది. నాగ్‌పూర్ అంబులెన్సు డ్రైవర్లు ఆ రోడ్డు జోలికి రాకుండా కాలనీల్లోంచి తిరిగి వెళ్తున్నారు, ఎందుకంటే ఏ మలుపు ఎప్పుడు మూసేస్తారో వారికి రోజూ తెలుస్తూనే ఉంది. మా డ్రైవరు బల్లార్షావాడు, మూడు నెలల తర్వాత ఆ నగరానికి వస్తున్నాడు. పాత దారి మీద నమ్మకంతో నేరుగా కంచెల మధ్యకు తీసుకుపోయాడు. అతని తప్పేమీ లేదు, చెప్పినవారే లేరు. ఆ తర్వాత ఎవరిని తీసుకువెళ్లినా బుటిబోరి దగ్గర ఆగి, అక్కడి అంబులెన్సు డ్రైవరు ఒకరికి ఫోన్ చేసి ఆనాటి దారి కనుక్కున్నాకే కదిలేవాళ్లం.

బరంపురం ఇంజనీరు:

నేను పుట్టి పెరిగింది బరంపురంలో. కొన్నేళ్లుగా పట్టణ రైలు మార్గాల సివిల్ పనుల్లో ఉన్నాను. మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే తక్కిన జవాబులన్నీ దాని మీదనే ఆధారపడి ఉన్నాయి.

రోడ్డు మీద పట్టాలు వేసే లైట్ రైల్‌లో, అంటే ట్రామ్ పద్ధతిలో, చూడటానికి పని చిన్నదిగా కనిపిస్తుంది గానీ, వీధిని ఎక్కువ కాలం తవ్విపెట్టేది అదే. పట్టాలు వేయడానికి పట్టే కాలం తక్కువే. ఒకసారి పట్టాలు పడ్డాక వాటి కింద తవ్వడానికి వీలుండదు కాబట్టి, అంతకు ముందే మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, కరెంటు, టెలిఫోన్ కేబుళ్లు అన్నిటినీ పక్కకు మార్చాలి. పాత నగరాల్లో నేల కింద ఏముందో కాగితాల మీద సరిగా ఉండదు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ట్రామ్ పనులు 2008లో మొదలయ్యాయి. నేల కింద ఊహించిన దానికంటే చాలా ఎక్కువ గొట్టాలూ కేబుళ్లూ బయటపడ్డాయి, కాంట్రాక్టు తగాదాలు ముదిరాయి, నగర ప్రధాన వీధి అయిన ప్రిన్సెస్ స్ట్రీట్ నెలల తరబడి మూతపడింది. 2011లో నడవాలనుకున్న ట్రామ్ 2014 మే 31న నడిచింది. అనుకున్న దారిని మధ్యలోనే తెంచేసి 14 కిలోమీటర్లకు పరిమితం చేసినా ఖర్చు 776 మిలియన్ పౌండ్లు అయింది. ఆలస్యం ఎందుకు జరిగిందో విచారించిన నివేదిక 2023లో గానీ వెలువడలేదు.

అయితే పని పూర్తయ్యాక ఆ పద్ధతిలో ఒక మేలుంది. పట్టాలను కాంక్రీటులో రోడ్డుతో సమంగా పొదిగితే, అంబులెన్సు ఆ ట్రామ్ దారినే వాడుకుని ట్రాఫిక్‌ను తప్పించుకోవచ్చు. పట్టాల మధ్య కంకర పోసినా, రెండు పక్కలా ఎత్తైన గట్టు కట్టినా ఆ అవకాశం పోతుంది. ఈ నిర్ణయం డిజైన్ దశలోనే జరగాలి, తర్వాత మార్చడం దాదాపు అసాధ్యం. ట్రామ్ పక్కకు తప్పుకోలేదు, గబుక్కున ఆగనూ లేదు. అందువల్ల కూడళ్లలో అంబులెన్సు వస్తున్నదని సిగ్నల్‌కు ముందే తెలిసే ఏర్పాటు తప్పనిసరి.

స్తంభాల మీద కట్టే మెట్రోలో గొట్టాలు మార్చే పని అక్కడక్కడ ఉంటుంది, వీధి పొడవునా ఉండదు. కానీ రోడ్డు మధ్య భాగం పూర్తిగా కంచెలోకి పోతుంది. సాధారణంగా పాతిక ముప్పై మీటర్లకు ఒక స్తంభం లేస్తుంది. స్తంభాల మీద పెట్టే పెద్ద దూలాలను (గర్డర్లను) పైకి ఎత్తే పని ప్రమాదకరం కాబట్టి ట్రాఫిక్ పలుచబడే రాత్రి వేళల్లో, కింద రోడ్డు ఆపి చేస్తారు. మీరు గమనించవలసింది ఇక్కడే. నగరవాసులకు రాత్రి పని మేలు చేస్తుంది. సరిహద్దు ఊళ్ల నుంచి బయలుదేరిన అంబులెన్సు మాత్రం సరిగ్గా ఆ వేళకే నగరం పొలిమేరకు చేరుతుంది. ఏ రాత్రి ఏ రెండు స్తంభాల మధ్య రోడ్డు మూస్తారో కనీసం ముందు రోజే 108 కేంద్రానికీ, పెద్ద ఆస్పత్రుల అత్యవసర విభాగాలకూ తెలియజేయాలని పని అనుమతిలోనే షరతు పెట్టించాలి. ఆ సమాచారం రాష్ట్ర సరిహద్దు దాటి ఒడిశా వైపు కూడా రావాలి. దీన్ని మనం ఇప్పుడే గట్టిగా అడగాలి, పనులు మొదలయ్యాక అడిగితే వినే తీరిక ఎవరికీ ఉండదు.

రాయగడ సభ్యుడు, అగ్నిమాపక శాఖలో పదవీ విరమణ చేసినవారు:

అంబులెన్సు ఏదో సందులోంచైనా తప్పించుకుంటుంది, ఫైరింజను తప్పించుకోలేదు. 4,500 లీటర్ల ట్యాంకు నిండితే నీటి బరువే నాలుగున్నర టన్నులు. గోతుల మీద పరిచే ఇనుప పలకలు ఆ బండి బరువుకు తట్టుకుంటాయో లేదో పని చేసేవారు ముందే లెక్క చూసుకోవాలి. ఎత్తైన భవనాల దగ్గర అగ్నిమాపక వాహనానికి కనీసం 6 మీటర్ల వెడల్పు, తిరగడానికి 9 మీటర్ల వ్యాసార్ధం, 45 టన్నులను మోయగల నేల ఉండాలని 2016 నాటి జాతీయ భవన నియమావళి చెబుతుంది. కంచెల మధ్య మిగిలిన సందును ఒకసారి టేపు పెట్టి కొలవండి, విషయం తెలుస్తుంది.

తీగల సంగతి కూడా చెప్పాలి. ట్రామ్ తీగల్లో సాధారణంగా 750 వోల్టులు, హైదరాబాద్, నాగ్‌పూర్ మెట్రోల తీగల్లో 25,000 వోల్టులు ఉంటాయి. సరఫరా ఆపారని కచ్చితంగా తెలిసేవరకు వాటి దగ్గర నిచ్చెన ఎత్తకూడదు, నీళ్లు చిమ్మకూడదు. వీధిలో పట్టాలుంటే వాటి మీదుగా హోస్ పైపు పరచవలసి వస్తుంది, అప్పుడు రైళ్లు ఆగాలి. ఈ రెండింటికీ ఎవరికి ఫోన్ చేయాలో ప్రతి ఫైర్ స్టేషన్ గోడ మీద రాసి ఉండాలి. నిప్పు అంటుకున్నాక నంబరు వెతుక్కునే వ్యవధి ఉండదు.

పర్లాకిమిడి వాసి:

అందరికీ కృతజ్ఞతలు. మా బస్టాండు దగ్గర నిలిపే ప్రైవేటు అంబులెన్సుల డ్రైవర్లతో ఈ వారం కూర్చుని మాట్లాడతాను. వారిలో ఎవరివద్దా విశాఖ డ్రైవర్ల నంబర్లు లేవు. ఇంకొక్క సందేహం. కె.జి.హెచ్.కు (కింగ్ జార్జ్ ఆస్పత్రికి) వెళ్లవలసి వస్తే హైవే మీది మద్దిలపాలెం కూడలి వైపు పోకుండా వేరే దారి ఉందా?

కాశీనగర్ అంబులెన్సు డ్రైవరు:

ఉందండి. తగరపువలస దగ్గర ఎడమకు తిరిగి భీమిలి చేరి, అక్కడి నుంచి బీచ్ రోడ్డున వస్తే మహారాణిపేట వైపు తేలుతారు, కె.జి.హెచ్. అక్కడికి దగ్గరే. చుట్టు దారే గానీ రాత్రి పూట నాకు హైవే కంటే నయమనిపించింది. ఆదివారం సాయంత్రాలు మాత్రం బీచ్ రోడ్డు వద్దు, జనం విపరీతంగా ఉంటారు. మీరు వెళ్లేది విమ్స్ ప్రభుత్వాస్పత్రికి గానీ, ఆరిలోవ హెల్త్ సిటీలోని ఆస్పత్రులకు గానీ అయితే అవి హనుమంతవాక దగ్గరే ఉన్నాయి కాబట్టి మద్దిలపాలెం దాకా రానక్కర్లేదు. అయినా కొమ్మాది నుంచి హనుమంతవాక వరకు హైవే తప్పదు, ఆ ముక్క ఎలా ఉందో ఆనందపురంలో ఆగి కనుక్కోండి. మీ నాన్నగారి పాత రిపోర్టులు బండిలోనే ఒక సంచిలో ఉంచండి, ఆఖరి నిమిషంలో ఆస్పత్రి మార్చవలసి వచ్చినా పని ఆగదు.